గిటార్ భుజాన సరిగ్గా కూర్చోవాలంటే: స్ట్రాప్ బటన్లు మార్చుకునే పద్ధతి

నిలబడి వాయించేటప్పుడు ఎడమ చెయ్యి వదలగానే గిటార్ తల నేల చూస్తోందా? అయితే మీ ఎడమ చెయ్యి కార్డులు పట్టడంతోపాటు గిటార్‌ని మోసే పని కూడా చేస్తోందన్నమాట. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డ్ దగ్గర బొటనవేలు లాగేయడం, పాట మధ్యలో మణికట్టు నొప్పి పుట్టడం చాలామందికి అక్కడినుంచే మొదలవుతుంది. దాన్ని సాధన లోపమనుకుని ఇంకో గంట ఎక్కువ వాయించి, నొప్పి పెంచుకునేవాళ్లూ ఉన్నారు.

అనంతపురంలో ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లో, కాలేజీ ఫెస్టుల్లో, ఆర్కెస్ట్రాల్లో. మూడు చోట్లా నిలబడే వాయించాలి. ఆదివారం ఆరాధన అయ్యేసరికి భుజం పట్టేసిందనే కుర్రాళ్లు ముందు చేసేది బెంగళూరు వెళ్లి, గిటార్‌ని భుజాన వేలాడదీసే స్ట్రాప్ ఖరీదైనది కొనుక్కోవడం. స్ట్రాప్‌తో కొంత తేడా వస్తుంది, కాదనను. కానీ గిటార్ ఎలా వేలాడాలో తేల్చేది ఆ స్ట్రాప్ రెండు కొసలూ తగిలించే బటన్లు. కొందరు పిన్నులంటారు, ఏదైనా ఒకటే. వాటిని మార్చడానికి అయ్యే ఖర్చు మంచి లెదర్ స్ట్రాప్ ధరలో చిన్న వంతు. కాకపోతే చెక్కకు రంధ్రం వెయ్యాలి, అందుకే భయం. ఆ భయం అవసరమే. కాబట్టి రంధ్రం లేకుండా అయ్యే పనులన్నీ ముందు చేసి, ఆ తర్వాతే డ్రిల్లు పట్టుకుందాం.

తల ఎందుకు వాలుతుంది

గిటార్ బరువంతా ఒక బిందువు దగ్గర ఉందనుకోండి. చాలా గిటార్లలో అది నెక్, అంటే పొడవాటి మెడ, బాడీతో కలిసే చోటికి దగ్గర్లోనే ఉంటుంది. ముందు బటన్ ఆ బిందువుకన్నా హెడ్‌స్టాక్ (గిటార్ తల) వైపుకి ఎంత జరిగి ఉంటే గిటార్ అంత నిలకడగా ఉంటుంది. కావడి మోసేవాడు ఒకవైపు బరువెక్కితే బద్దని భుజం మీద కాస్త జరుపుకుంటాడు, లెక్క సరిపోతుంది. గిటార్‌లో బరువుని జరపలేం, అందుకే బటన్‌ని జరుపుతాం.

1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌ని చూడండి. బాడీ పై కొమ్ము నెక్ వైపుకి పొడుచుకొచ్చి, దాని బటన్ దాదాపు 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ పట్టీ) దగ్గరికి చేరుతుంది. అందుకే స్ట్రాట్ ఆకారం గిటార్లలో ఈ బాధ తక్కువ. 1961లో గిబ్సన్ తెచ్చిన, తర్వాత ఎస్‌జీగా పేరుపడ్డ ఆకారం దీనికి పూర్తిగా భిన్నం. బాడీ పలచన, నెక్ బయటికి చాలా దూరం సాగి ఉంటుంది, ముందు బటన్ నెక్ మొదట్లో వెనకవైపు ఉంటుంది. తల వాలకపోతేనే ఆశ్చర్యం. పైగా బటన్ వెనకవైపు ఉండటంతో గిటార్ ముఖం కూడా ముందుకి ఒరుగుతుంది. ఫ్లయింగ్ వీ రకాలదీ ఇంచుమించు ఇదే కథ. లెస్ పాల్ రకాలు తల వాల్చవు గానీ నాలుగు కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తూగుతాయి. వాటికి మూడంగుళాల వెడల్పు స్ట్రాప్ వేసుకుంటే చాలు, బటన్ జోలికి వెళ్లక్కర్లేదు.

ముందు మీ ఎత్తు తేల్చుకోండి

కుర్చీలో కూర్చుని, మీరు హాయిగా వాయించే భంగిమలో గిటార్ పట్టుకోండి. నెక్ కాస్త పైకి లేచి ఉండాలి, ఎడమ మణికట్టు ముంజేతికి దాదాపు తిన్నగా ఉండాలి. ఇప్పుడు స్ట్రాప్ భుజాన వేసుకుని, అది బిగుతు లేకుండా, వదులు లేకుండా తగిలేంత పొడవుకి సరిచేసి, అలాగే లేచి నిలబడండి. గిటార్ ఉన్నచోటే ఉండాలి. లేవగానే అది నాలుగంగుళాలు కిందికి జారితే స్ట్రాప్ పొడవు ఎక్కువైంది. మోకాళ్ల దగ్గర వేలాడేసుకుని వాయించడం స్టేజీ మీద చూడ్డానికి బాగుంటుంది, మణికట్టుకి మాత్రం బాగోదు. నిలబడి వాయించే పాటల్ని కూర్చుని సాధన చేస్తున్నవాళ్లకి ఈ ఒక్క సవరణతోనే సగం బాధ పోతుంది.

పొడవు కుదిరాక రెండు చేతులూ వదిలి చూడండి. గిటార్ కింద మంచమో పరుపో ఉంటే ధైర్యంగా వదలొచ్చు. తల వాలుతోందా, ముఖం ముందుకి ఒరుగుతోందా, లేక అన్నీ బాగున్నా భుజమే నొస్తోందా? మూడింటికీ మందు వేరు. భుజం మాత్రమే నొస్తే వెడల్పు స్ట్రాప్ తీసుకోండి, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

డ్రిల్లు లేకుండా అయ్యే పనులు

నైలాన్ స్ట్రాప్ చొక్కా మీద జారిపోతుంది, జారితే తల ఇంకా తేలిగ్గా వాలుతుంది. లోపలివైపు గరుకుగా, నూగుగా ఉండే తోలు స్ట్రాప్ భుజాన్ని పట్టుకుని ఉంటుంది. కొత్తది కొననక్కర్లేదు. చెప్పులు కుట్టే అన్న దగ్గరికి మీ పాత స్ట్రాప్ తీసుకెళ్లి, భుజం మీద పడే జానెడు భాగానికి లోపలివైపు గరుకు తోలు ముక్క కుట్టించుకోండి. బటన్ దూరే రంధ్రాలు సాగిపోయి ఉంటే అక్కడ ఇంకో పొర కూడా వేయించండి, అదే పనిలో అయిపోతుంది. కొంచెం వాలే గిటార్‌కి ఇది చాలు. బాగా వాలే గిటార్‌కి చాలదు, పైగా ఆ లాగుడంతా చొక్కా కాలర్ మీద పడుతుంది.

తీగలు బిగించే ట్యూనర్లు మార్చడం ఇంకో దారి. హెడ్‌స్టాక్ నెక్ చివర ఉంటుంది కాబట్టి అక్కడ తగ్గే ప్రతి గ్రాము బాడీ దగ్గర తగ్గే గ్రాముకన్నా ఎక్కువ పని చేస్తుంది. బరువైన పోత ట్యూనర్లు తీసి పాతకాలం తరహా తేలికవి వేస్తే తేడా తెలుస్తుంది. కానీ ఖర్చు ఎక్కువ, రంధ్రాలు సరిపోకపోతే మళ్లీ చెక్కపనే. వెనక బాడీలో సీసం ముక్కలు అతికించడం నాకు నచ్చదు. వాలడం తగ్గుతుంది, ఆ బరువు మాత్రం మీ నడుమే మోస్తుంది.

కొత్త చోటు వెతకడం

ఇదే అసలు పని. ఇక్కడ గంట కూర్చున్నా తప్పులేదు. రెండు మీటర్ల నూలు తాడు తీసుకోండి. ఒక కొస వెనక బటన్‌కి కట్టండి. రెండో కొసని మీరు అనుకుంటున్న కొత్త చోట పెట్టాలి. కొమ్ము అయితే దాని చుట్టూ ఉరి వేసి బిగించొచ్చు, రంగు గీసుకుపోకుండా కింద మెత్తటి గుడ్డ పెట్టండి. ఇప్పుడు భుజం ఉండే చోట తాడుని పిడికిట పట్టుకుని గిటార్‌ని మంచం మీద పైకెత్తండి. నెక్ ఎటు వాలుతుందో, ఎంత వాలుతుందో కళ్ల ముందే కనిపిస్తుంది. ఉరిని అరంగుళం జరిపి మళ్లీ చూడండి. ఎస్‌జీ రకంలో నెక్ మొదలు నుంచి పై కొమ్ము కొస వరకు జరుపుకుంటూ వస్తే, ఎక్కడ నెక్ అడ్డంగా నిలబడుతుందో చేతికే తెలిసిపోతుంది.

వెనక బటన్‌ని కూడా మరిచిపోవద్దు. అది బాడీ అంచు మధ్యలో ఉంటుంది. దాన్ని మీ గడ్డం వైపు, అంటే పై అంచు వైపు జరిపితే బాడీ తోక కిందికి దిగి నెక్ పైకి లేస్తుంది. ముందు బటన్‌కి మంచి చోటు దొరకని గిటార్లకి ఇది పనికొస్తుంది.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి ఒక మాట. మన ఊళ్లలో ఎడమచేతి గిటార్ దొరకడం కష్టం, అందుకే చాలామంది కుడిచేతి గిటార్‌నే తిరగేసి పట్టుకుంటారు. అలా తిప్పినప్పుడు పొట్టి కొమ్ము పైకి వస్తుంది, పాత బటన్ కిందివైపు మిగిలిపోతుంది. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాట్‌ని తిరగేసి, బటన్‌ని ఆ పొట్టి కొమ్ముకి మార్పించుకునే వాయించాడు. కొమ్ము పొట్టిది కాబట్టి మామూలు స్ట్రాట్ అంత నిలకడ రాదు. గరుకు స్ట్రాప్ కూడా తోడుంటే నడుస్తుంది.

లోపల చెక్క ఉందా?

చోటు నచ్చింది కదా అని డ్రిల్లు పెట్టకండి. వెనక మూత విప్పి లోపలి గూడు ఎక్కడివరకు వచ్చిందో చూడండి. వెనక బటన్ మార్చేవాళ్లు కేబుల్ దూర్చే జాక్ గూడు ఎక్కడుందో, వైరు ఏ దారిన పోతుందో చూసుకోవాలి. సన్నటి తీగని సందుల్లో పెట్టి లోతు కొలిచి, ఆ కొలతని బాడీ పైన మాస్కింగ్ టేప్ మీద గీసుకుంటే సందేహం ఉండదు. బాడీ బోలుగా ఉండే గిటార్లలో అన్నిచోట్లా గట్టి చెక్క ఉండదు, మధ్య దిమ్మెలోనో నెక్ దిమ్మెలోనో మాత్రమే స్క్రూ నిలుస్తుంది. ఎస్‌జీ కొమ్ము కొస చెక్కుడు వల్ల పలచబడి ఉంటుంది. అక్కడ వెనకనుంచి పొడవాటి స్క్రూ దింపితే ముందువైపు మొన కనిపిస్తుంది.

గిటార్ పాతదై, మంచి ధర పలికేదైతే అసలు రంధ్రం వెయ్యకండి. అదనపు రంధ్రం ఉన్న పాత గిటార్‌కి విలువ తగ్గుతుంది.

నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగించిన గిటార్లకి ఇంకో వీలుంది. వెనక పలక మీదున్న నాలుగు స్క్రూల్లో ఒకటి తీసి, అదే మందం ఉన్న కాస్త పొడవు స్క్రూని బటన్‌లోంచి దూర్చి బిగించొచ్చు. కొత్త రంధ్రం అక్కర్లేదు. కానీ పొడవు లెక్క తప్పకూడదు. బటన్, దాని కింద వేసే ఫెల్ట్ (మెత్తటి గుడ్డ ముక్క) మింగేంత మాత్రమే ఎక్కువ ఉండాలి, నెక్‌లోకి దిగే భాగం పాత స్క్రూ దిగినంతే ఉండాలి. అంతకన్నా పెరిగితే ఫింగర్‌బోర్డ్ కిందనుంచి పొడుచుకొస్తుంది. పాత స్క్రూని పలకతో సహా పక్కన పెట్టి, కొత్త స్క్రూకి బటన్ తొడిగి, రెండూ పోల్చి చూశాకే బిగించండి. ముఖం ముందుకి ఒరిగే ఇబ్బంది ఈ చోటుకీ ఉంటుందని గుర్తుంచుకోండి.

సామాను

అనంతపురం పాతూరు హార్డ్‌వేర్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి: మాస్కింగ్ టేప్, 2 నుంచి 3 మిల్లీమీటర్ల వరకు డ్రిల్ బిట్లు, ఒక పెద్ద బిట్టు, కొవ్వొత్తి, సరైన మొన ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్. బటన్లు సంగీత వాయిద్యాల షాపులోనో ఆన్‌లైన్లోనో కొనాలి. వాటితో వచ్చే స్క్రూ పొట్టిగా అనిపిస్తే 6 నంబర్ చెక్క స్క్రూ, 25 లేదా 32 మిల్లీమీటర్ల పొడవుది అడగండి. బటన్ తీసుకెళ్లి, తల అందులో కూర్చుంటుందో లేదో షాపులోనే చూసుకోండి. “సీలింగ్‌కి వాడే నల్లది ఉంది, గట్టిగా ఉంటాది, తీస్కపో అన్నా” అంటారు. తీసుకోకండి. అవి గట్టివే, కానీ పెళుసు. బిగించేటప్పుడో ఊగేటప్పుడో తల తెగిందంటే మిగతా ముక్క చెక్కలోనే ఉండిపోతుంది.

బటన్ కింద వేసే ఫెల్ట్ ముక్క దొరక్కపోతే క్యారమ్‌బోర్డు కాళ్లకో కుర్చీ కాళ్లకో అంటించే మెత్త ముక్కని గుండ్రంగా కత్తిరించి వాడుకోవచ్చు.

రంధ్రం వేయడం

తీగలు వదులు చేసి, గిటార్‌ని దుప్పటి మడత మీద కదలకుండా పడుకోబెట్టండి. ఎవరినైనా పట్టుకోమనండి. చోటు మీద మాస్కింగ్ టేప్ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించి, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గుర్తు మధ్యలో మేకు మొనతో చిన్న గుంట చెయ్యండి. లేకపోతే నున్నటి పాలిష్ మీద బిట్టు జారిపోతుంది.

ఎక్కువమంది గిటార్ పాడుచేసుకునేది ఆ తర్వాతి అరనిమిషంలో. ఫ్యాక్టరీ పూత గట్టిగా, పెళుసుగా ఉంటుంది. బిట్టు నేరుగా తిరిగితే పూత పెచ్చులుగా లేస్తుంది. ముందుగా స్క్రూ కన్నా వెడల్పున్న పెద్ద బిట్టుని చేత్తో పట్టుకుని వెనక్కి తిప్పుతూ పూతని మాత్రం గుండ్రంగా గీకెయ్యండి. డ్రిల్లింగ్ మెషీన్‌ని రివర్స్‌లో పెట్టి మెల్లగా తిప్పినా సరే. కింద చెక్క కనిపించగానే ఆపండి. సగం బొట్టుబిళ్లంత శుభ్రమైన గుంట తయారవుతుంది. ఇక స్క్రూ దిగేటప్పుడు పూత చీలదు.

తర్వాత సన్న బిట్టు. స్క్రూ మరల మధ్యలో ఉండే కాండం ఎంత లావుందో బిట్టు అంత ఉండాలి. 6 నంబర్ స్క్రూకి మహాగని లాంటి చెక్కలో 2.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. మేపుల్ లాంటి గట్టి చెక్కకి 2.8 తీసుకోండి. తక్కువ ధర గిటార్లలో ఉండే బాస్‌వుడ్, పాప్లర్ మెత్తన, వాటికి 2 చాలు. 8 నంబర్ స్క్రూ అయితే గట్టి చెక్కకి 3. లోతు ఇలా తేల్చుకోండి: స్క్రూని బటన్, ఫెల్ట్‌లోంచి దూర్చండి, బయటికి ఎంత వచ్చిందో అంత. ఆ పొడవు దగ్గర బిట్టుకి టేప్ ముక్క జెండాలా చుట్టండి. జెండా చెక్కని తుడిచిందంటే ఆపాలి. చెక్కలోకి కనీసం 15 మిల్లీమీటర్లు దిగితే మంచిది.

మెషీన్ తిన్నగా ఉందో లేదో మీకు ఒక పక్కనుంచే తెలుస్తుంది. రెండో పక్కనుంచి చూసి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. మెల్లగా, మధ్యమధ్యలో బయటికి తీసి పొట్టు దులుపుకుంటూ దించండి. మెషీన్ లేకపోతే తెలిసిన వడ్రంగి చేత వేయించుకోవచ్చు. వాళ్ల చేతికి నిలకడ ఎక్కువ. ఒక్కటే జాగ్రత్త, బిట్టు సైజూ లోతూ మీరే చెప్పాలి, పక్కనే నిలబడాలి. తలుపుల టేకుకి అలవాటుపడ్డవాళ్లకి గిటార్ చెక్క ఎంత మెత్తగా ఉంటుందో చెప్పకపోతే తెలియదు.

స్క్రూ మరలకి కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు రుద్దే అలవాటుంది కానీ అది తేమ పట్టి స్క్రూకి తుప్పు తెస్తుంది. బిగించడం చేత్తోనే, మెషీన్‌తో కాదు. బటన్ ఫెల్ట్‌ని కొద్దిగా నొక్కి, వేలితో తిప్పితే తిరగనంత బిగుతు చాలు. అంతకు మించి తిప్పితే చెక్కలో మరలు పోతాయి.

పాత రంధ్రం సంగతి

పాత బటన్ చేతికి అడ్డం రాకపోతే ఉన్నచోటే ఉంచెయ్యమంటాను. మనసు మారితే మళ్లీ అక్కడికి వెళ్లొచ్చు.

కానీ రంధ్రం వదులైపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటే పూడ్చాల్సిందే. అగ్గిపుల్లలు కుక్కడం తాత్కాలికం, ఆ చెక్క మరీ మెత్తన. అగరొత్తి వెనక ఉండే వెదురు పుల్ల గట్టిది. మసాలా అంటని భాగం కోసి, ఫెవికాల్‌లో ముంచి, రంధ్రంలో పట్టినన్ని పెట్టి, పైకి వచ్చినవి బ్లేడుతో కోసెయ్యండి. ఒక రోజు ఆరాక మళ్లీ సన్న బిట్టుతో దారి చేసి స్క్రూ దించండి. రంధ్రం మరీ పాడైతే 6 లేదా 8 మిల్లీమీటర్లకి పెద్దది చేసి, వడ్రంగితో టేకు పుల్ల అదే లావున గుండ్రంగా తీయించి, ఫెవికాల్‌తో దిగగొట్టాలి. ఇలా చేసింది కొత్త చెక్కంత గట్టిగా నిలుస్తుంది.

స్ట్రాప్ ఊడిపోకుండా

బటన్ చోటు మారితే స్ట్రాప్ లాగే దిశ కూడా మారుతుంది. ఇదివరకు ఊడని స్ట్రాప్ ఇప్పుడు ఊడొచ్చు. చవకైన ఉపాయం రబ్బరు వాషర్. విదేశాల్లో గ్రోల్ష్ బీరు సీసా మూతకుండే రబ్బరు వాషర్లని ఎన్నో ఏళ్లుగా ఇందుకు వాడుతున్నారు. మనకి కొళాయి సామాన్ల షాపులో మందపాటి వాషర్లు దొరుకుతాయి. మధ్య రంధ్రం బటన్ తల కన్నా చిన్నదై, కాస్త సాగదీస్తేనే ఎక్కేలా ఉండాలి. స్ట్రాప్ తొడిగాక దాని మీద వాషర్ ఎక్కించండి. ఎండకి రబ్బరు పగులుతుంది, పగుళ్లు కనబడగానే మార్చెయ్యండి.

స్ట్రాప్‌ని బటన్‌కి బిగించి ఉంచే లాక్‌లు కొనేటట్లయితే షాలర్, డన్‌లప్ రెండు రకాలూ ఎక్కువ వాడుకలో ఉన్నాయి. డన్‌లప్‌ది మధ్యలో మీట నొక్కి తొడిగే రకం. దాని బటన్‌లో స్క్రూ తల పూర్తిగా లోపల కూర్చోవాలి. మీ పాత స్క్రూ తల పెద్దదై పైకి తేలితే లాక్ పడదు, పడినట్టు మాత్రం కనిపిస్తుంది. అందుకని తొడిగిన ప్రతిసారీ ఒకసారి గట్టిగా లాగి చూడాలి. షాలర్‌లో యూ ఆకారపు ముక్క బటన్ మీద కూర్చుంటుంది. దాని తెరిచిన వైపు పైకి ఉండేలా స్ట్రాప్‌కి బిగించాలి, అప్పుడు లాక్ పిన్ను సరిగ్గా పడకపోయినా గిటార్ బరువే దాన్ని బటన్ మీద నిలబెడుతుంది. పాత షాలర్ రకాల్లో స్ట్రాప్‌కి బిగించే నట్టు మెల్లగా వదులవుతుంది. రెండు వారాలకోసారి వేళ్లతో తిప్పి చూసుకోండి.

వేసుకుని చూడండి

తీగలు మళ్లీ బిగించి, శ్రుతి చేసి, మంచం పక్కన నిలబడి స్ట్రాప్ వేసుకోండి. ముందు చెప్పినట్టే కూర్చుని, లేచి, పొడవు మళ్లీ సరిచెయ్యాలి. బటన్ జరిగింది కాబట్టి పాత పొడవు ఇప్పుడు సరిపోదు. సాధారణంగా ముందు బటన్ కొమ్ము కొసకి వెళితే గిటార్ మొత్తం మీ కుడివైపుకి జరుగుతుంది, మొదటి ఫ్రెట్ దగ్గరవుతుంది, కుడిచేతికి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) కాస్త దూరమవుతుంది. రెండు మూడు రోజులు కొత్తగా అనిపిస్తుంది. మీకు బాగా వచ్చిన రెండు పాటలు పూర్తిగా వాయించి, మధ్యమధ్యలో ఎడమ చెయ్యి వదిలి చూడండి. ఇంకా కొంచెం వాలుతుంటే గరుకు స్ట్రాప్ ఆ మిగతాది చూసుకుంటుంది.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఆరి కుంచించుకుపోతుంది, ఇంట్లో తలుపుల బందులు కూడా వదులవుతాయి. ఆ రోజుల్లో బటన్ స్క్రూలు ఒకసారి చేత్తో పావు చుట్టు బిగించి చూడండి. తిరగకపోతే వదిలెయ్యండి, ఊరికే తిరుగుతుంటే వెదురు పుల్లలూ ఫెవికాలూ తీయండి. గిటార్‌ని ఎండలో నిలిపిన కారులో మాత్రం ఉంచకండి, ఆ వేడికి జిగురు మెత్తబడి మీరు పూడ్చిన రంధ్రమే ముందు వదులుతుంది.